గూడబాతును చూసిన కనుమ

"మీరేకాంతముగా అరణ్య ప్రదేశమునకు వచ్చి, కొంచెము సేపు అలసట తీర్చుకొనుడని చెప్పెను, ఏలయనగా అనేకులు వచ్చుచు పోవుచు నుండినందున, భోజనము చేయుటకైనను వారికి అవకాశము లేకపోయెను." (మార్కు 6:31)

డిసెంబరులో మా ఇల్లు ఇల్లులా ఉండదు. మొదటి వారంలోనే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. ఆ వెనకే క్యారల్స్. రాత్రి పదకొండింటికి యూత్ పిల్లలు గిటారు, డప్పులతో వచ్చి గుమ్మం ముందు పాడుతుంటే టీ ఇవ్వకుండా ఎలా పంపుతాం? అరిసెలు వండాలి, డాబా మీద స్టార్ కట్టించాలి, ఊళ్ళ నుంచి వచ్చే చుట్టాలకు పక్కలు వేయాలి. ముప్పై ఒకటో తేదీ రాత్రి వాచ్‌నైట్ సర్వీసు అయి ఇంటికి చేరేసరికి కొత్త సంవత్సరం వచ్చిందన్న సంతోషం కన్నా, ఇక ఎవరూ రారులే అన్న సంతోషమే నాకు ఎక్కువ. పైకి అనకూడదు గానీ, అదే నిజం.

ఆ నెలంతా నా టిఫిన్ స్టవ్ పక్కనే, నిలబడే. పిల్లల డబ్బాలు సర్దగా గిన్నె అడుగున మిగిలిన ఉప్మా, గరిటెతోనే. ఆ గిన్నె సింకులో పడేసరికి పదిన్నర. మధ్యాహ్నం అన్నం ఎన్నింటికి తిన్నానో అడక్కండి.

జనవరి మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. మా అత్తయ్యకు డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. బల్ల తీసుకునే రోజు పరగడుపునే వెళ్ళాలన్నది ఆమె చిన్నప్పటి నుంచీ ఉన్న పట్టు. ఆ రోజు మాత్ర వేసుకుంది, టిఫిన్ మానేసింది. నేను చూసుకోలేదు. చూసుకోవలసింది నేనే. ఆరాధన సాగింది, ప్రసంగం ఇంకా సాగింది. మూడో పాటకు లేచి నిలబడినప్పుడు ఆమె చెయ్యి నా చెయ్యి మీద పడింది. చల్లగా ఉంది, వణుకుతోంది. మెడ మీద చెమట, జాకెట్టు తడిసిపోయింది. "ఏంటత్తయ్యా?" అంటే నా వైపు ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

వెనక వరసలో ఉన్న నర్సమ్మ ఒకావిడ గబగబా వచ్చి, షుగర్ పడిపోయిందని చెప్పి, వంటగదిలో నుంచి పంచదార తెప్పించింది. మూడు నాలుగు చెంచాలు నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట పక్కనే కూర్చుంది. మనిషి తేరుకున్నాక రెండు బిస్కెట్లు తినిపించింది. వెళ్తూ వెళ్తూ నాకు చెప్పింది: "మెలకువగా ఉంటేనే నోట్లో పోయాలమ్మా. స్పృహ తప్పితే ఏమీ పోయకూడదు, పొలమారుతుంది. వెంటనే ఆస్పత్రికే. షుగర్ మాత్ర వేసుకున్నాక తిండి మానేస్తే ఇలాగే అవుతుంది."

ఇంటికొచ్చాక అత్తయ్య నన్ను ఏమీ అననివ్వలేదు. "ప్రభువు కోసం ఒక్క పూట మానలేనా?" అంది. ఆమె భక్తిని తప్పు పట్టే వయసు నాది కాదు. ఎవరెవరు ఉపవాసం ఉండొచ్చో డాక్టర్ని అడగాలని మాత్రం అప్పుడే తెలుసుకున్నాను. ఇంకోటి కూడా తట్టింది. ఆమెది ఉపవాసం, కనీసం దానికో ఉద్దేశం ఉంది. నెలరోజులుగా నేను తిండి మానేస్తున్నది దేనికోసం? దాన్ని ఏ పేరుతో పిలవాలి?

మా ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థనలో రోజుకో అధ్యాయం వరసగా చదువుతాం. ఆ మంగళవారం మార్కు ఆరో అధ్యాయం వచ్చింది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి వంతు. "భోజనము చేయుటకైనను వారికి అవకాశము లేకపోయెను" దగ్గర ఆగి, తలెత్తి, "అమ్మా, నీలాగే" అంది. మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పడుకునే ముందు ఆ అధ్యాయం మళ్ళీ మొదటి నుంచీ చదివాను. యేసు శిష్యుల్ని ఇద్దరిద్దరిగా ఊళ్ళకు పంపాడు. వాళ్ళు తిరిగొచ్చి, చేసినవీ బోధించినవీ ఆయనకు చెప్పుకున్నారు. ఆ రెంటికీ మధ్యలో బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికించిన సంగతి ఉంది. అంటే వచ్చినవాళ్ళు పని చేసి అలసిపోయినవాళ్ళే కాదు, తమకు బాగా తెలిసిన మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు కూడా. "శభాష్, ఇక ఫలానా ఊరికి వెళ్ళండి" అనలేదాయన. రండి, కొంచెంసేపు అలసట తీర్చుకోండి అన్నాడు. పని అయిపోయాక అనలేదు, జనం వస్తూ పోతూ ఉండగానే అన్నాడు. నేనేమో, అందరూ వెళ్ళిపోయాక, గిన్నెలన్నీ తోమేశాక, పిల్లాడి ఇంటర్ పరీక్షలు అయ్యాక కూర్చుంటాను అనుకుంటున్నాను. అవన్నీ అయ్యే రోజు ఇంతవరకూ రాలేదు.

అరణ్యం అనగానే పులులు తిరిగే అడవి అనుకుంటాం గానీ, ఇక్కడ ఆ మాటకు మనుషుల అలికిడి లేని చోటు అనే అర్థం. మా గుంటూరులో అలాంటి చోటు ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తుంటే మా ఆయన, "ఉప్పలపాడు వెళ్దామా, పిట్టలొచ్చాయట" అన్నాడు. ఇంటి నుంచి ఆటోలో అరగంట. పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది, ఒక్కసారి వెళ్ళలేదు.

మా అబ్బాయి కాలేజీలో ఆదివారాలు కూడా పరీక్షలే. పొద్దున్న ఆరున్నరకు క్యారేజీ పట్టుకుని వెళ్ళినవాడు చీకటి పడ్డాకే వస్తాడు. ఆదివారం ఆరాధనకు రాని పిల్లాడు ఏం చదువుతాడని అత్తయ్య, ర్యాంకు రాకపోతే ఎలా అని మా ఆయన, మధ్యలో నాకు టెన్షన్. సంక్రాంతికి మూడు రోజులే సెలవిచ్చారు. అందుకే కనుమ రోజు పెట్టుకున్నాం.

పక్కింటి వదిన విని బుగ్గలు నొక్కుకుంది. "కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మీరు పిల్లల్ని వేసుకుని వెళ్తారా!" అంది. కనుమకు మినుము తినాలని ఒక డబ్బా నిండా గారెలు తెచ్చిచ్చింది. గంట తర్వాత మేము ఆటో ఎక్కుతుంటే మళ్ళీ వచ్చింది, ఈసారి ముగ్గురు పిల్లలతో. "కాకి కదలదు గానీ వీళ్ళు ఊరుకోవట్లేదు వదినా, మేమూ వస్తాం."

నా ముఖంలో ఏం కనిపించిందో నాకు తెలుసు. ఏకాంతముగా అన్న మాట అక్కడే ఆవిరైపోయింది. క్యారేజీలో అయిదుగురికి సరిపడా జొన్న రొట్టెలు, గోంగూర పప్పు, ఉడికించిన గుడ్లు, పెరుగన్నం. ఇంకో ఆటో మాట్లాడారు. దారి పొడవునా నేను మాట్లాడలేదు.

అప్పుడే గుర్తొచ్చింది, శిష్యుల పిక్నిక్ కూడా ఇలాగే చెడిందని. వాళ్ళు దోనె ఎక్కి బయలుదేరారు. జనం చూసి ఒడ్డున పరుగెత్తి వాళ్ళకన్నా ముందే అక్కడికి చేరారు. అంటే వాళ్ళకు దొరికిన విశ్రాంతి ఆ దోనెలో కూర్చున్నంత సేపే. దిగేసరికి వేలమంది. యేసు ఆ జనాన్ని చూసి విసుక్కోలేదు, కనికరపడ్డాడు. శిష్యులేమో పొద్దుపోయింది, వీళ్ళను పంపించెయ్యండి, ఊళ్ళలో ఏమైనా కొనుక్కుంటారు అన్నారు. దానికి ఆయన జవాబు "మీరే వారికి భోజనము పెట్టుడి". తినడానికి తీరిక లేనివాళ్ళకు ఈ మాట! ఆ క్షణంలో పేతురు ముఖం ఎలా ఉండి ఉంటుందో ప్రసంగాల్లో ఎవరూ చెప్పలేదు గానీ, ఏ ఇంటి ఇల్లాలిని అడిగినా చెబుతుంది. 200 దేనారాల రొట్టెలు కావాలి అని వెంటనే లెక్క కట్టారు కూడా. దేనారమంటే ఒక రోజు కూలి. నేనూ ఆటోలో రొట్టెలు లెక్కపెడుతూనే ఉన్నాను.

ఉప్పలపాడులో ముందు వాసన పలకరిస్తుంది, తర్వాత గోల, ఆ తర్వాతే పిట్టలు. ఊరి చెరువు, నీళ్ళ మధ్యలో తుమ్మ చెట్లు, చెట్ల మీద ఆకులకన్నా రెక్కలే ఎక్కువ. రెక్కల మీద గులాబీ రంగు పూసినట్టున్న కొంగలు, వాటి మధ్య బూడిద రంగులో పెద్ద పెద్దవి, ముక్కు కింద సంచి వేలాడుతూ. అంత బరువైన పిట్ట అంత సన్న కొమ్మ మీద ఎలా వాలుతుందో అని మా అబ్బాయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఫోను జేబులోనే ఉంది. "ఆకాశపక్షులను చూడుడి" అని మా అమ్మాయి అందుకుంది. ఆ వచనం నేను కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. అందులో చూడమని ఉంది. చూసింది మాత్రం ఇదే మొదలు.

అక్కడున్న ఊరి పెద్దాయన ఒకాయన, "ఆ పెద్దవే గూడబాతులమ్మా" అన్నాడు.

అత్తయ్య చటుక్కున తిరిగింది. "ఏంటీ? గూడబాతా? ఇదా గూడబాతంటే!"

మామయ్య పోయి ఆరేళ్ళు. అప్పటి నుంచి తెల్లవారుజామున ఆమె మంచం దగ్గర వినిపించేది 102వ కీర్తనే. "నేను అడవిలోని గూడబాతును పోలియున్నాను." ఆరేళ్ళుగా తనను తాను ఏ పిట్టతో పోల్చుకుంటోందో ఆ పిట్టను ఆమె ఎప్పుడూ చూడలేదు.

కట్ట మీద కూర్చోబెట్టాం. ఒక తల్లి గూడు అంచున వాలింది. పిల్ల తన తలంతా తల్లి సంచిలోకి దూర్చేసింది. బయట మెడ ఒక్కటే ఊగుతోంది. పిల్ల తింటున్నంత సేపూ తల్లి కదల్లేదు. అత్తయ్య కళ్ళు చిట్లించి చూసి, "గూడ వేసినట్టే ఉందే" అంది. ఆమె పుట్టిల్లు తెనాలి వైపు. కాలువ గట్టున ఇద్దరు చెరోపక్క తాళ్ళు పట్టుకుని, గూడను ఊపి నీళ్ళు తోడి చేలోకి పోయడం చిన్నతనంలో రోజూ చూసింది. మా పిల్లలకు గూడ అంటే ఏంటో తెలియదు. చేతులు ఊపుతూ ఆమె చూపిస్తుంటే పక్కింటి పిల్లలు కూడా ఊపడం మొదలుపెట్టారు.

కాసేపయ్యాక మెల్లిగా అంది: "ఆ కీర్తనలో ఒక్కటే ఉంటుందమ్మా. ఇక్కడ చూడు, ఎన్నున్నాయో."

ఆ కీర్తనలోనే రెండు వచనాల ముందు ఇంకో మాట ఉంది. "ఎండదెబ్బకు వాడిన గడ్డివలె నా హృదయము వాడిపోయి యున్నది, భోజనము చేయుటకే నేను మరచిపోవుచున్నాను." దుఃఖంలో ఉన్నవాడూ అన్నం మరిచిపోతాడు, పనిలో ఉన్నవాడూ మరిచిపోతాడు. ఆ ఆదివారం అత్తయ్య టిఫిన్ మానింది బల్ల కోసమేనా, లేక ఒంటరిగా కంచం ముందు కూర్చోవడం ఇష్టం లేకనా అని నాకు అప్పుడు అనుమానమొచ్చింది. పొద్దున్నే మేమంతా హడావుడిగా ఎవరి దారిన వాళ్ళం పోతే, ఆమె ఇడ్లీ ఎవరితో కలిసి తింటుంది?

"మీ దేహము పరిశుద్ధాత్మకు ఆలయము" అన్న వాక్యం మన ప్రసంగాల్లో సిగరెట్లు, మందు తాగేవాళ్ళ మీదికే వెళ్తుంది. మూడింటికి అన్నం తినే ఆడవాళ్ళ మీదికి ఎవరూ తీసుకురారు. అలాగని మా ఊరి క్రైస్తవులకు ఒళ్ళు అంటే చిన్నచూపు ఉందని కాదు. అత్తయ్య పుట్టింది కుగ్లర్ ఆస్పత్రిలో. అమెరికా నుంచి లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు, 1898లో ఆడవాళ్ళ కోసం ఆస్పత్రి తెరిచారు. నాడి పట్టి చూడడం కూడా సువార్త పనే అని ఈ ఊరికి అప్పటి నుంచీ తెలుసు. ఆ ఊళ్ళో ఉంటూ నా బీపీ చూపించుకుని ఏడాది దాటింది.

ఒంటిగంటకు చెట్టు కింద దుప్పటి పరిచాం. మార్కు ఆ సాయంత్రం గురించి చెబుతూ జనం పచ్చికమీద "పంక్తులు పంక్తులుగా" కూర్చున్నారని రాస్తాడు. మన బంతి భోజనమే. మాది తొమ్మిది మంది బంతి. అలవాటు ప్రకారం నేను గరిటె పట్టుకుని లేచాను. వదిన నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, "రొట్టెలు అందరికీ సగం సగం, గారెలు ఎవరి ఇష్టం వాళ్ళది" అని గిన్నెలు మధ్యలోకి తోసేసింది. ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకున్నారు. అత్తయ్యకు ఒక గారె చాలంటే రెండు తింది. నేనూ వాళ్ళతోపాటే, వేడి చల్లారకముందే తిన్నాను.

శిష్యులు పన్నెండు మంది, జనమంతా తృప్తిగా తిన్నాక మిగిలిన ముక్కలు ఎత్తినవి పన్నెండు గంపెళ్ళు. వడ్డించినవాళ్ళకు అడుగూ బొడుగూ మిగలడం మన ఇళ్ళలో రివాజు. అక్కడ ఒక్కొక్కరి చేతికీ నిండు గంప వచ్చింది. చివర్న తింటే దేవుడు దీవిస్తాడు అని దీన్ని చెప్పేవాళ్ళతో నేను ఒప్పుకోను. వాళ్ళు చివర్న తినాలని ఆయన అనుకోలేదు. ఆ రోజు ఆయన మొదట తలపెట్టిందే వాళ్ళ అన్నం, వాళ్ళ విశ్రాంతి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మా అబ్బాయి నాన్నమ్మ భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. మర్నాడు పొద్దున్న ఆరున్నరకు క్యారేజీ, ఏడింటికి ఇడ్లీ, షరా మామూలే. అత్తయ్య కంచం పెట్టి నేను మళ్ళీ స్టవ్ దగ్గరికి వెళ్ళాను. ఎంతకీ చప్పుడు లేదు. తిరిగి చూస్తే ఇడ్లీ ముట్టుకోలేదు, మాత్ర అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.

"నీ కంచం ఏదమ్మా?" అంది.