చాక్‌పీస్ రెండు ముక్కలైంది

ఈరోజు ఎనిమిదో తరగతికి నా మొదటి పాఠం. బీఎడ్ టీచింగ్ ప్రాక్టీస్, జిల్లా పరిషత్ హైస్కూల్. బోర్డు మీద 'కిరణజన్య సంయోగక్రియ' అని రాస్తుండగా మెడ విసురుగా పక్కకు తిరిగింది. చాక్‌పీస్ రెండు ముక్కలు. వెంటనే నా గొంతులోంచి "హుక్". వెనక బెంచీ నుంచి అచ్చం అలాంటిదే ఇంకో "హుక్".

క్లాసంతా నవ్వులు.

ఇలా తనంతట తానే వచ్చే కదలికని, శబ్దాన్ని టిక్ అంటారు. టిక్‌ని కాసేపు ఆపుకోవచ్చు, తుమ్ము ఆపుకున్నట్టు. కానీ ఆపినకొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది, టెన్షన్ పడితే ఇంకా ఎక్కువ. అందుకే చెప్పేశాను. "నాకు టూరెట్ సిండ్రోమ్ ఉంది. మెడ, గొంతు నన్నడక్కుండానే కదులుతాయి. అంటుకునేది కాదు." 1885లో ఫ్రెంచి డాక్టర్ జిల్ డి లా టూరెట్ 9 మంది రోగుల గురించి రాశాడని, ఆ పేరు అలా వచ్చిందని కూడా చెప్పాను. (బూతులు వస్తాయా అని పెద్దవాళ్లే అడుగుతారు. అది కొద్దిమందికే.)

ఓ అమ్మాయి చెయ్యెత్తింది. "నిద్రలో కూడా వస్తుందా టీచర్?"

"చాలావరకు తగ్గిపోతుందమ్మా."

ఇంత మంచి ప్రశ్న నన్ను ఏ ఇంటర్వ్యూలోనూ అడగలేదు. పోయిన ఎండాకాలం ఓ ప్రైవేటు స్కూల్లో "పేరెంట్స్ ఏమనుకుంటారండీ" అంటూ ఫైలు మూసేశారు, డెమో కూడా చూడలేదు. అమెరికాలో నాలాగే టూరెట్ ఉన్న టీచర్ బ్రాడ్ కోహెన్‌ని 24 స్కూళ్లు వద్దన్నాక 25వది తీసుకుంది. నాకింకా ఒక్కటే అయింది!

బెల్లు కొట్టాక వెనక బెంచీవాడు విరిగిన ముక్క తెచ్చి చేతిలో పెట్టాడు.

"రేపటికి ఇంకో డబ్బా తెమ్మంటారా టీచర్?"