దీపావళి పార్టీ ముందు రోజు డ్రైవ్‌వేకి నలుపు పూయించిన నా అనుభవం

నిన్న సాయంత్రం మా డ్రైవ్‌వేకి సీలర్, అంటే తారు పాడవకుండా పైన పూసే నల్లటి పూత, రెండో కోటు పూర్తి చేశాను. నడుం పట్టేసింది, గోళ్ల సందుల్లో నలుపు ఇంకా పోలేదు. పోయిన ఏడాది జరిగిన దాని మీద కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. ఇక్కడ గరాజ్ నుంచి వీధి దాకా వేసిన తారు బాట ఇంటివాళ్లదే. పగిలినా, కుంగినా మనమే చూసుకోవాలి. మన ఊళ్లో ఇంటి ముందు గుంత పడితే మున్సిపాలిటీని తిట్టుకుంటే సరిపోయేది. ఇక్కడ తిట్టుకోవాలంటే అద్దం ముందు నిలబడాలి.

పోయిన సెప్టెంబరులో మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్లవాళ్ల సంఘం) నుంచి ఉత్తరం వచ్చింది. డ్రైవ్‌వే వెలిసిపోయింది, పగుళ్లున్నాయి, 60 రోజుల్లో బాగు చేయించండి అని. ఒక కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే, "ఇప్పుడు టైమ్ దాటిపోతోంది, మే నెలలో చేస్తాను" అన్నాడు. పొగరనుకున్నాను. మొత్తం ఈ వ్యవహారంలో నాకు నిజం చెప్పిన మొదటి మనిషి అతనే.

అక్టోబరులో, మా ఇంట్లో దీపావళి పార్టీకి ముందు రోజు, శుక్రవారం పొద్దున తలుపు కొట్టారు. పికప్ ట్రక్కు, వెనక ట్యాంకు, ఇద్దరు మనుషులు. "పక్క వీధిలో పని చేశాం, సరుకు మిగిలింది, చవగ్గా వేసి పోతాం" అన్నారు. 700 డాలర్లన్నాడు. కూకట్‌పల్లి సంతలో కూరలు బేరమాడి పెరిగినవాణ్ణి, ఊరుకుంటానా! 450కి దించాను. మీటింగ్‌లో ఉన్న మా ఆవిడకి కిటికీలోంచి బొటనవేలు కూడా చూపించాను.

నలభై నిమిషాల్లో స్ప్రే కొట్టేశారు. ఊడ్చింది లేదు, పగుళ్లు పూడ్చింది లేదు, పగుళ్లలోని గడ్డి మీదే కొట్టారు. "రేపు పొద్దున నడవచ్చు" అని క్యాష్ తీసుకుని వెళ్లారు. చూడ్డానికి మాత్రం కొత్త పలకలా నిగనిగలాడింది.

ఆ రాత్రి ఖమ్మం నుంచి మామయ్య గారు వీడియో కాల్ చేశారు. ఆయన ఆర్ అండ్ బీలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. గర్వంగా ఫోన్ డ్రైవ్‌వే వైపు తిప్పాను.

"రాత్రిపూట ఎంత ఉంటుంది అల్లుడు గారూ అక్కడ?"

"నలభై ఉంటుందండీ."

"నలభయ్యా? ఇంకేం, బ్రహ్మాండం."

"కాదండీ, ఫారన్‌హీట్‌లో."

"మన లెక్కలో చెప్పండి."

"నాలుగో, అయిదో."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఇది ఎండలో చేసే పని గదండీ" అన్నారు. నేను టాపిక్ మార్చేశాను.

సంగతి ఏమిటంటే, ఈ సీలర్ నీళ్లు కలిపిన సరుకు. ఆ నీరు ఆవిరైపోతేనే అది గట్టిపడి పట్టుకుంటుంది. పగలు ఎండ కావాలి, రాత్రి కూడా 50 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన 10 డిగ్రీల కిందికి దిగకూడదు. కనీసం ఒక రోజంతా వాన ఉండకూడదు. మే ఆఖరు నుంచి సెప్టెంబరు మొదటి వారాల దాకా ఇక్కడ ఆ వాతావరణం దొరుకుతుంది. మా డ్రైవ్‌వే ఉత్తరం వైపు, అక్టోబరులో మధ్యాహ్నం రెండింటికే నీడ. పైగా నాకు పోసిన సరుకులో నీళ్లెన్నో ఆ పికప్ వాళ్లకే తెలియాలి. చెడగొట్టడానికి వాన కూడా అక్కర్లేదు, రాత్రి పడే మంచు తడి చాలు.

శనివారం పొద్దున వేలితో తాకితే అంటలేదు. మా ఆవిడ గరాజ్ ముందు నల్లటి నేల మీద బియ్యప్పిండితో పెద్ద ముగ్గు వేసింది. ఆ తెలుపు ఆ నలుపు మీద ఎంత బాగుందో! ఫొటోలు ఇండియాకి కూడా వెళ్లాయి.

సాయంత్రం పన్నెండు కుటుంబాలు వచ్చాయి. చీకటి పడి మంచు తడి మొదలైంది. పిల్లలు చిచ్చుబుడ్లడిగారు, కాకరపువ్వొత్తులతో సరిపెట్టి బయటికి పంపాం. చెప్పులు గుమ్మం లోపల ఫోయర్‌లో ఉన్నాయి కదా, వాళ్లు ఒట్టి కాళ్లతో డ్రైవ్‌వే మీదికి పరుగెత్తారు. ఒత్తులు అయిపోగానే లోపలికి పరుగెత్తారు. మా ఇంట్లో మెట్లకీ, మేడ మీదా మీగడ రంగు కార్పెట్.

మొదట చూసింది నేనే. మూడో మెట్టు మీద మా చిన్నదాని పాదం, అయిదు వేళ్లూ విడివిడిగా లెక్కపెట్టుకునేంత శుభ్రంగా పడింది. తలెత్తితే పైదాకా అవే. అందరూ అటే చూస్తున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. మా ఫ్రెండొకడు బిర్యానీ ప్లేటు పట్టుకుని, "ఏంటి బావా, మీ ఇంట్లో లక్ష్మీదేవి అడుగులు నల్లగా వచ్చాయి?" అన్నాడు. ఇల్లంతా ఘొల్లున నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. అప్పుడే ఒకావిడ తన కంచిపట్టు చీర కుచ్చిళ్ల అంచు పైకెత్తి చూసుకుంది. జరీ కనిపించలేదు. "పర్లేదులే అన్నయ్యా" అంది. ఆ మాట కంటే తిట్టి ఉంటే బాగుండేది. మా ఆవిడ అందరికీ తాంబూలాలిచ్చి పంపేదాకా ఒక్క మాట అనలేదు. పొద్దున లేచేసరికి ముగ్గు బూడిదరంగు బురదగా మారి వీధి వైపు జారుతోంది.

కార్పెట్ శుభ్రం చేయించడానికే 380 డాలర్లయ్యాయి. మెట్ల మీద మచ్చలు పోలేదు, అక్కడ మార్పించాం. చీర గురించి అడగొద్దు. పికప్ వాడిచ్చిన నంబరు పనిచెయ్యలేదు.

అప్పుడు కూర్చుని చదివాను, ముందే చదవాల్సినవి. న్యూజెర్సీలో ఇంటి పనులు చేసే కాంట్రాక్టరు రాష్ట్రం దగ్గర రిజిస్టరై ఉండాలి, ఆ నంబరు 13విహెచ్ అని మొదలవుతుంది. 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వకంగా కాంట్రాక్టు ఇవ్వాలి, మూడు పనిదినాల్లో దాన్ని రద్దు చేసుకునే హక్కు మనకుంటుంది. 700 పనిని 450కి దించి ఆ కాగితం అడిగే వీలు పోగొట్టుకున్నది నా బేరమే. మనవాళ్లు ఐఫోను పూర్తి ధర పెట్టి కొంటారు, పనివాడి దగ్గర మాత్రం బేరమాడితేనే నిద్ర పడుతుంది. నన్ను కలిపే అంటున్నాను.

చలికాలం మిగతా పని పూర్తి చేసింది. పగుల్లోకి దిగిన నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. మార్చికల్లా పై పూత పొలుసులుగా లేచింది. గరాజ్ పక్కన చూరు నీళ్ల గొట్టం పడేచోట మొసలి చర్మంలా పగిలి గుంత పడింది. ఫిబ్రవరిలోనే ఓ బస్తా కోల్డ్ ప్యాచ్ (వేడి చెయ్యకుండానే పోసే తారు కంకర) పోసి కారు టైరుతో తొక్కించాను. వేడి తారు ప్లాంట్లు చలికాలంలో చాలావరకు మూసేస్తారు కాబట్టి అది ఊపిరి నిలపడానికే.

మేలో ఆ "పొగరు" కాంట్రాక్టరుకే ఫోన్ చేశాను. రిజిస్ట్రేషన్ నంబరు అడక్కుండానే ఇచ్చాడు. మొసలి చర్మం మీద ఎన్ని పూతలు పూసినా దండగ, కింద పునాదే పోయింది అని చెప్పి, ఆరడుగులకి ఎనిమిదడుగులు కోసి తీసి, కంకర దిమ్మిస కొట్టి, వేడి తారు వేశాడు. గొట్టాన్ని పచ్చిక వైపు తిప్పించాడు.

పగుళ్లు నేనే పూడ్చాను, ఈ విషయంలో నా పని చూసి పక్కింటాయన ఆగి మెచ్చుకున్నాడు. పాత స్క్రూడ్రైవరుతో గడ్డి వేళ్లతో సహా పీకి, బ్లోయరు కొట్టి, కడిగి, రెండు రోజులు ఆరబెట్టాను. లోతైన చోట్ల ఫోమ్‌తో చేసిన తాడు దోపి ఫిల్లర్ పోశాను. మర్నాటికి కుంగితే మళ్లీ పోశాను. సీలర్ కొనేటప్పుడు ఆస్టిన్‌లో ఉండే మా తోడల్లుడు కోల్ టార్‌ది, అంటే బొగ్గు నుంచి తీసే తారుది, వద్దన్నాడు. క్యాన్సర్ కారకాలు వాననీటితో వాగుల్లోకి చేరుతున్నాయని వాళ్ల ఊళ్లో 2006 నుంచే దాన్ని నిషేధించారు. ఆస్ఫాల్ట్ ఎమల్షన్ రకం, అంటే పెట్రోలియం తారుని నీళ్లతో కలిపింది, తెచ్చాను. 800 చదరపు అడుగులకి అయిదు బకెట్లు, మందంగా ఒకటి కాదు, పల్చగా రెండు కోట్లు.

కొత్త ప్యాచ్ మీద మాత్రం పూయలేదు. కొత్త తారు ఆరు నెలలైనా, వీలైతే ఏడాదైనా ఆరాలట. అందుకే మా డ్రైవ్‌వే ఇప్పుడు అతుకు వేసిన లుంగీలా ఉంది. హెచ్‌ఓఏ ఉత్తరం రాస్తే రాయనీ.

రాత్రి మామయ్య గారికి చూపించాను. ప్యాచ్ దగ్గర ఫోను ఆపమన్నారు.

"అతుకు చుట్టూ తారు పట్టించారా?"

"పట్టించానండీ."

"రాత్రి ఎంత ఉంటుంది?"

"అరవై రెండండీ."

"మన లెక్కలో."

"పదహారు పైన."

"సరే, ఇక పడుకోండి" అన్నారు.