ఒక పేపర్‌కి ఒకే ఫోల్డరా?

డౌన్‌లోడ్స్‌లో ఒకే పరిశోధన పేపర్ మూడోసారి కనిపించిన రోజు ఇక లాభం లేదనిపించింది. పరిశోధన పేపర్లు ఉచితంగా దొరికే ఆర్కైవ్ (arXiv) సైట్ నుంచి దించిన ఫైళ్లకి పేర్లన్నీ అంకెలే, 2103తో మొదలైతే 2021 మార్చిలో పెట్టారని తెలుస్తుంది తప్ప లోపల ఏముందో తెలీదు.

వీటిని సర్దడానికి ముందు లైబ్రరీల్లో పుస్తకాలకి విషయాన్ని బట్టి అంకెలిచ్చే 1876 నాటి డ్యూయీ పద్ధతి పట్టుకున్నాను. భాషలు 400ల్లో, కంప్యూటర్లు 004 నుంచి 006 దాకా. మరి యంత్రానువాదం పేపర్ ఎక్కడ పెట్టాలి? అరలో పుస్తకానికి ఒక్క చోటే ఉంటుంది కాబట్టి ఆ పద్ధతి అలా పుట్టింది, నా ల్యాప్‌టాప్‌కి ఆ బాధ లేదుగా.

దారి చూపింది గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి కోలన్ వర్గీకరణ. 1933లోనే ఆయన విషయాన్ని ముఖాలుగా, అంటే వేర్వేరు కోణాలుగా విడగొట్టారు, తర్వాత వాటిని ఐదు రకాలుగా చెప్పారు: వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం. నేను వాటిని మార్చుకుని, పేపర్లు దాచి సర్దుకునే జొటేరో సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పేపర్‌కి నాలుగే ట్యాగ్‌లు పెడుతున్నా: సమస్య, పద్ధతి, డేటా, నేనెందుకు దాచాను. చివరిదే అసలైనది, ఎందుకంటే ఆరు నెలల తర్వాత గుర్తుండనిది అదే. ఫైల్ పేరు మాత్రం సంవత్సరం, మొదటి రచయిత ఇంటిపేరు, రెండు మాటలు, అంతే.

ట్యాగ్‌లకి రంగులు వేస్తూ రెండు రోజులు గడిపేశాను, ఒక్క పేపరూ చదవలేదు. 'తర్వాత చదవాలి' అనే ట్యాగ్ తీసేశాను కూడా, అన్నీ అందులోకే పోతున్నాయి మరి.