సెలవులు వాళ్లకే

పొద్దున ఐదింటికి లేచాను. వేసవి సెలవులు మొదలైన దగ్గర్నుంచి నా ఆఫీసు టైమ్ అంటే ఇదే, పిల్లలు లేచేలోపు దొరికే రెండు గంటలు. ఇవాళ అదీ దక్కలేదు. ఐదున్నరకే చిన్నాడు కళ్లు నులుముకుంటూ వచ్చి నా కుర్చీ పక్కన నేలమీద పడుకున్నాడు. స్కూలున్న రోజుల్లో ఏడింటికి లేపినా లేవని మనిషి!

నాది ఇంట్లోంచే చేసే డీటీపీ పని. పుస్తకాలకు పేజీలు పెట్టి, ప్రూఫులు దిద్ది, ప్రెస్సుకి పంపే దాకా నాదే బాధ్యత. ఇప్పుడు చేతిలో ఉన్నది 176 పేజీల నవల. 16 పేజీలకో ఫారం చొప్పున 11 ఫారాలు. రోజుకి రెండు ఫారాలు చూస్తే గానీ శనివారానికి ఇవ్వలేను. పైగా ఎప్పుడో పాత ఫాంట్‌లో టైపు చేసిన ఫైలు. ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చేసరికి కొన్ని వత్తులు ఎగిరిపోయాయి. వాటిని ఒక్కొక్కటిగా కంటితో పట్టుకోవాల్సిందే. మధ్యలో ఎవరైనా "అమ్మా" అంటే ఏ లైన్లో ఉన్నానో పోతుంది, మళ్లీ పేరా మొదటికి రావాలి.

అందుకే పోయిన వారం వంటింటి టైమర్ తెచ్చి బల్లమీద పెట్టాను. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఇటలీ కుర్రాడు టమాటా ఆకారంలో ఉన్న టైమర్ పెట్టుకుని చదువుకున్నాడట. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. టమాటాని ఇటాలియన్‌లో పొమొడొరో అంటారు కాబట్టి పద్ధతికీ ఆ పేరే. బాగానే ఉంది గానీ, అప్పుడాయన విద్యార్థి. పక్కన ఆరేళ్ల పిల్లాడు ఉండి ఉండడు. నా ఇంట్లో రూలు ఒక్కటే. అది మోగేదాకా నన్ను పిలవకూడదు, మోగగానే నేను లేచి రావాలి. మొదటి సగం ఎవరూ పాటించడం లేదు. రెండో సగం మాత్రం చిన్నాడు పట్టు వదలకుండా అమలు చేయిస్తున్నాడు.

పదకొండింటికి పెద్దదాని చేతిలోంచి ట్యాబ్ లాక్కుంటే, "నువ్వు మాత్రం పొద్దున్నుంచీ స్క్రీన్ చూడొచ్చా?" అంది. పని అన్నాను. "నువ్వూ కూర్చుని చూస్తూనే ఉన్నావుగా" అంది. జవాబు దొరకలేదు. వాళ్ల నాన్న బ్యాగు తగిలించుకుని వెళ్తాడు, అది ఉద్యోగం. నేను నైటీలో, జుట్టు ముడేసుకుని తెర ముందు కూర్చుంటాను. వాళ్లకి మాత్రం తేడా ఎలా తెలుస్తుంది? పెద్దవాళ్లకే తెలియదు. అదే టైముకి వదిన ఫోన్, "ఇంట్లోనే ఉన్నావుగా, మావాణ్ని కూడా సాయంత్రం దాకా అక్కడ దింపనా?" అని. మెత్తగా కాదన్నాను. మెత్తగా అనడానికే పావుగంట పట్టింది.

మధ్యాహ్నం ఏం తోచిందో, పెద్దదాన్ని పిలిచి రచయిత చేతిరాత ప్రతి దాని చేతికిచ్చాను. పాత ప్రూఫ్ పద్ధతి అది. ఒకరు మూలం పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫులో చూసుకుంటూ పోవడం. గంటకి నాలుగు పేజీలు దాటలేదు. ప్రతి మాటకీ అర్థం అడుగుతుంది. 'వెన్నెల' నా తెరమీద 'వెనెల' అయిందని చూపిస్తే పడీ పడీ నవ్వి, వత్తులు తీసేసి ఇంట్లో అందరి పేర్లూ పిలవడం మొదలుపెట్టింది. ఇక లాభం లేదు, నేనే చూసుకుంటాను అనబోతుంటే, అది చదువుతున్న పేరా నాకు ప్రూఫులో కనబడలేదు. ఆరు లైన్ల పేరా మొత్తం ఎగిరిపోయింది! నేను అదే పేజీ రెండుసార్లు చదివాను. ముందు వాక్యానికీ తర్వాతి వాక్యానికీ అతుకు సరిగ్గా కుదిరింది, అనుమానమే రాలేదు.

గట్టిగా హత్తుకుంటే విడిపించుకుని, "జీతం ఎంత?" అంది. ఆలోచించి చెప్తానన్నాను. నాకు రావాల్సిన డబ్బులే రెండు నెలలుగా 'ఆలోచించి చెప్తాం' దగ్గర ఉన్నాయి. సెలవు పెడితే రాబడి కూడా సెలవు పెట్టే పని ఇది.

ఆ ఆరు లైన్లు చేర్చాక అధ్యాయం చివరిదాకా పేజీలన్నీ జరిగాయి. సరిగ్గా చివర్లో రెండు లైన్లు కొత్త పేజీ ఎక్కి కూర్చున్నాయి. వాటిని వెనక్కి లాగడానికే సాయంత్రమంతా పోయింది. ఈలోపు చిన్నాడు దిద్దిన ఫారం వెనకవైపు డైనోసార్ గీశాడు. బాగానే గీశాడు, ఇంక తిట్టలేకపోయాను.

తొమ్మిదిన్నరకి వాళ్లని పడుకోబెట్టి మళ్లీ కూర్చున్నాను. బల్లమీద టైమర్ లేదు. వెతికే ఓపిక లేక వదిలేశాను. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండి ఎన్నాళ్లయిందో, పేజీలు గబగబా సాగాయి. పదిన్నరకి పడకగదిలోంచి గణగణమని మోత. పరుగెత్తాను. నా దిండు కింద ఉంది. పడుకునే ముందు ముల్లు 60 దాకా తిప్పి పెట్టినట్టున్నాడు. మోగితే అమ్మ లేచి రావాలి కదా. ఆ మోతకి వాడు మాత్రం కదల్లేదు, నా చోట్లోకి అడ్డంగా కాళ్లు చాపి నిద్రపోతున్నాడు.

కాసేపు పక్కన కూర్చున్నాను. ఇంకా తొమ్మిది పేజీలున్నాయి. టైమర్ తీసుకొచ్చి 25 దగ్గరికి తిప్పాను.