బెండు మునిగితే మోటారు ఆగుతుంది

మా పెదనాన్నగారి పడవ మోటారు పదేళ్లకు పైగా మా ఇంటి మేడ మెట్ల కింద గోనెసంచి కప్పుకుని పడి ఉంది. 1950ల చివర అమెరికాలో తయారైన, రెండు సిలిండర్ల, అయిదున్నర హార్స్‌పవర్ మోటారు అది. ఓడ మీద వచ్చిన ఎవరి దగ్గరో ఆయన కొన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. ఆదివారాలు భీమిలి దగ్గర గాలం వేయడానికి తప్ప మరి దేనికీ దాన్ని వాడేవారు కాదు. ఈ ఏడాది ఏప్రిల్‌లో దాన్ని బయటకు తీసి, తుడిచి, పెరట్లో రెండు వందల లీటర్ల నీళ్ల పీపాకు బిగించాను. అయిదారు సార్లు తాడు లాగేసరికి స్టార్టయింది కూడా. అక్కడి నుంచే నా కష్టాలు మొదలయ్యాయి. పది నిమిషాలు చక్కగా తిరిగి, ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయేది. అరగంట చల్లారితే గానీ మళ్లీ అందుకునేది కాదు.

పీపా ఎందుకంటే, ఇలాంటి మోటారును నీళ్లు లేకుండా తిప్పకూడదు. కింద నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లరు పొడిగా తిరిగితే కొద్ది క్షణాల్లోనే కాలిపోతుంది. నేను విప్పి చూసేసరికి పాత ఇంపెల్లరు రెక్కలన్నీ ఒకే వైపుకు వంగి గట్టిపడి ఉన్నాయి కాబట్టి దాన్ని ముందే మార్చేశాను. కంప్రెషన్, అంటే సిలిండరులో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, కొలిస్తే రెండు సిలిండర్ల అంకెలూ దాదాపు సమానంగా వచ్చాయి. ఒకదానికీ మరొకదానికీ పది శాతం లోపు తేడా ఉంటే పిస్టన్ల జోలికి పోనక్కర్లేదు. తిరుగుతున్న మోటారు తలమీద రెండు నీటి చుక్కలు చిలకరిస్తే చుయ్యిమనలేదు కనుక వేడెక్కి పట్టేయడం లేదనీ తేలింది. మిగిలినవి రెండే: నిప్పురవ్వ, పెట్రోలు.

వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్టయ్యే పాత మోటారును చూస్తే ఎవరైనా ముందుగా, బ్యాటరీ లేకుండానే నిప్పురవ్వకు కరెంటు పుట్టించే మాగ్నెటో కాయిళ్లనే అనుమానిస్తారు. ఈ రకం మోటార్లలో ఒక్కో సిలిండరుకు ఒక కాయిలు, కరెంటును కలిపి తెంచే ఒక జత పాయింట్లు, ఒక కండెన్సరు విడివిడిగా ఉంటాయి, అవన్నీ ఫ్లైవీలు అనే బరువైన చక్రం కింద దాక్కుంటాయి. అనుమానం నిజమో కాదో తేల్చుకోవాలంటే ఆగిన మరుక్షణమే చూడాలి, చల్లారాక చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. అందుకని ప్లగ్గు స్పానరు చేతిలో పట్టుకునే నిలబడి, అది ఆగగానే రెండు ప్లగ్గులూ విప్పి, ఇంజను నుంచి బయటకు చిమ్మే పెట్రోలు ఆవిరికి దూరంగా లోహానికి ఆనించి తాడు లాగాను. పైదానికి నీలం రవ్వ టకటకమని దూకింది, కిందదానికి ఏమీ లేదు. ఫ్లైవీలును సుత్తితో కొట్టకుండా పుల్లరుతో లాగి తీస్తే కింది సిలిండరు కాయిలు పైపూత నెర్రెలు విచ్చి ఉంది. వేడికి ఆ నెర్రెలు ఇంకా తెరుచుకుని కరెంటు రవ్వకు చేరకుండానే పక్కదారి పడుతుంది.

కొత్త కాయిళ్లు ఆన్‌లైనులో తెప్పించడానికి అయిదు వారాలు పట్టింది. ఈలోగా పాయింట్లు శుభ్రం చేసి 0.020 అంగుళాల సందు పెట్టాను, ప్లగ్గులకు 0.030 పెట్టాను. ఒక్క మాట ఇక్కడ చెప్పుకోవాలి. పాయింట్లు గీకాక వాటి మధ్య నుంచి ఒక తెల్ల కాగితం ముక్కను రెండు మూడుసార్లు లాగాలి. వేలి జిడ్డు అంటుకుని ఉన్నా రవ్వ రాదు, అదేమో కంటికి కనిపించదు. నేను ఆ పని మరిచిపోయి ఒక పూటంతా పోగొట్టుకున్నాను.

కాయిళ్లు మార్చి, అన్నీ బిగించి, తాడు లాగితే ఒక్క లాగుకే స్టార్టయింది. ఇంట్లో వాళ్లను పిలిచి మరీ చూపించాను. పదకొండో నిమిషంలో ఆగిపోయింది.

అప్పుడిక జాలరిపేటలో ఉన్న ఒక మేస్త్రి దగ్గరకు వెళ్లాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం కనుక ఆ రోజుల్లో ఫైబర్ తెప్పల మోటార్లన్నీ ఆయన షెడ్డులోనే వరుసగా బోర్లా పడి ఉంటాయి. ఆయన చేతిలో నడిచేవన్నీ జపాన్ మోటార్లు, నాలాంటి పాతదాన్ని ఎప్పుడో చిన్నప్పుడు చూశానన్నాడు. నా కథంతా విని ఒక్కటే అడిగాడు.

"ఆగిపోతన్నప్పుడు ట్యాంకు మీద బొత్తం నొక్కేరా బాబూ? నొక్కితే లేచిందా, పడిపోయిందా?"

ఆ కాలపు ఈ రకం మోటార్లకు పెట్రోలు పంపు ఉండదు. ట్యాంకుకు రెండు గొట్టాలు జంటగా వస్తాయి. ఒకదాని గుండా ఇంజను తన గాలి ఒత్తిడిని ట్యాంకులోకి పంపిస్తుంది, ఆ ఒత్తిడికి రెండో గొట్టం గుండా పెట్రోలు పైకి వస్తుంది. మొదటిసారి స్టార్టు చేసేముందు ట్యాంకు మీది బొత్తం నొక్కి మనమే పెట్రోలు ఎక్కించాలి. పెట్రోలు అందక ఆగిపోతున్న మోటారైతే ఆ బొత్తం నొక్కగానే పుంజుకుంటుంది. నేను నొక్కాను, నొక్కిన ప్రతిసారీ ఇంకా తొందరగా ఆగిపోయింది. ఆ సంగతి నాకు గుర్తుంది గానీ దాని అర్థమే తట్టలేదు.

"తొందరగా పడిపోయింది" అన్నాను.

"మరింకేటి. దానికి ఆకలి కాదు బాబూ, అజీర్తి."

ఇంటికి వచ్చి మళ్లీ తిప్పి, ఆగగానే ప్లగ్గులు చూస్తే రెండూ తడిసి నల్లగా ఉన్నాయి. కార్బురేటరు నోట్లోంచి పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతోంది. కాయిలు చెడినప్పుడూ ప్లగ్గు తడిగానే ఉంటుంది కాబట్టి మొదట్లో ఆ తడిని నేను రవ్వ ఖాతాలో వేసేశాను. ఒకే లక్షణం వెనుక రెండు రోగాలు ఉండవచ్చునన్న ఆలోచనే నాకు రాలేదు.

కార్బురేటరు గిన్నె విప్పితే లోపల ఫ్లోటు బెండుతో చేసినది. మన జాలరులు వల పైతాడుకు కట్టే బెండ్లు ఏ పని చేస్తాయో ఇదీ అదే చేస్తుంది. గిన్నెలో పెట్రోలు పెరిగితే తేలి, సూదిని పైకి నెట్టి దారి మూస్తుంది. బెండు పెట్రోలు పీల్చకుండా ఆ రోజుల్లో దానికి లక్క పూసేవారు. గోటితో గీస్తే ఆ పూత తీగపాకంలా సాగి వేలికి అంటుకుంది. ఫ్లోటును పెట్రోలు పోసిన స్టీలు గిన్నెలో వేస్తే అంచు మాత్రమే పైకి కనిపించేలా మునిగి కూర్చుంది.

లక్క ఎందుకు కరిగిందో విశాఖ వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏటికొప్పాక బొమ్మల లక్క మనకు ఎరుకే. తలుపులకు పాలిష్ పెట్టేవాళ్లు లక్క రేకులను స్పిరిట్‌లో నానబెట్టి కరిగించడమూ చూసే ఉంటాము. స్పిరిట్ అంటే ఆల్కహాలే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్, అంటే అదే ఆల్కహాలు, కలుస్తోంది. అనుమానం తీరక ఒక కొలతల గాజు గొట్టంలో 20 మిల్లీలీటర్ల నీళ్లు, 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి కుదిపి పక్కన పెట్టాను. కాసేపటికి అడుగున నీటి పొర 40కి కాస్త తక్కువ దాకా పెరిగింది. పెట్రోలులోని ఇథనాల్ నీటిలోకి దిగిపోయిందన్నమాట. ఆరవై ఏళ్ల నాడు ఆ బెండుకు లక్క పూసినవాళ్లు ఈ పెట్రోలును ఊహించి ఉండరు. స్టార్టు చేసిన కొత్తలో ట్యాంకులో ఒత్తిడి తక్కువగా ఉంటుంది గనుక బరువెక్కిన ఫ్లోటు కూడా సూదిని ఎలాగో ఆపగలిగేది. నడుస్తున్నకొద్దీ ఒత్తిడి పెరిగి, సూదిని తోసుకుని గిన్నె పొర్లిపోయేది. అందుకే ఆ పది నిమిషాల గడువు.

ఏటికొప్పాకలో తెలిసినవాళ్లున్నారు, లక్క తెచ్చి మళ్లీ పూద్దామని ఒక క్షణం సరదా పడ్డానని ఒప్పుకోవాలి. చివరకు ఫ్లోటును వారం రోజులు ఎండలో బాగా ఆరబెట్టి, సన్నటి ఇసుక కాగితంతో పాత పూత గీకి, పల్చటి ఇన్‌స్టంట్ గమ్ము మూడు పూతలు వేశాను. అది ఆల్కహాలుకు లొంగదు. బెండులో పెట్రోలు తడి మిగిలి ఉండగా పూత వేస్తే ఆ బరువు లోపలే ఉండిపోతుంది కాబట్టి ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. కార్బురేటరును తలకిందులుగా పట్టుకుని, ఫ్లోటు దాని అంచుకు సమాంతరంగా నిలిచేలా రేకును సవరించి బిగించాను. పాత గొట్టాలు కూడా లోపల జిగురు జిగురుగా అయిపోవడంతో వాటినీ మార్చాను.

ఆయిలు సంగతి కూడా చెప్పాలి. ఇప్పటి మోటార్లకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు చాలంటారు. ఈ పాతదాని లోపల రోలర్లు లేని మామూలు బుష్షులు ఉన్నాయి, దానికి 24 పాళ్లకు ఒక పాలు, అంటే లీటరుకు 42 మిల్లీలీటర్ల దాకా కావాలి. పొగ ఎక్కువ వస్తుందని పొదుపు చేస్తే బుష్షులే అరిగిపోతాయి.

జూన్ మూడో వారంలో మోటారును భీమిలి తీసుకెళ్లి, గోస్తని సముద్రంలో కలిసే చోటుకు కాస్త పైన, తెలిసినవారి చిన్న పడవకు బిగించాము. నలభై నిమిషాలు ఆగకుండా తిరిగింది. పదకొండో నిమిషం దాటేటప్పుడు నేను వాచీ వంకే చూస్తున్నాను. ఒడ్డుకు వచ్చేముందు గొట్టం పీకేసి, గిన్నెలో మిగిలిన పెట్రోలు కాలిపోయి దానంతట అదే ఆగేదాకా ఉంచాను. ఇంటికి వచ్చి మంచినీళ్ల పీపాలో మళ్లీ తిప్పి ఉప్పు కడిగాను.

మర్నాడు అడుగున గేర్ల ఆయిలు స్క్రూ విప్పి చూస్తే నల్లగా రావలసిన ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో కారింది. సీళ్లలోంచి నీరు చేరుతోందన్నమాట. కొలతలు రాసుకుని మేస్త్రి షెడ్డుకు మళ్లీ బయలుదేరాను.