రాష్ట్ర సమావేశానికి వెళ్ళి వచ్చాను, ఒక అక్క మాట మనసులోంచి పోవట్లేదు

పోయిన ఆదివారం వార్డుల్లో వీధులు శుభ్రంగా ఉంచడానికి పనిచేసే మా వాలంటీర్ల సంస్థ కర్ణాటక రాష్ట్ర సమావేశం, ఇక్కడే బెంగళూరు గాంధీ భవన్‌లో. నేను ఇందులో చేరి రెండేళ్ళు కావస్తోంది గానీ మా వార్డు పనులు తప్ప ఇలాంటి పెద్ద మీటింగ్‌కి పోవడం ఇదే మొదలు. పొద్దున్నే హోరమావు నుంచి ఆటోలో కేఆర్ పురం, అక్కడ పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్, మళ్ళీ ఆటో, శివానంద సర్కిల్ దాటి కుమారకృపా రోడ్డులో దిగేసరికి తొమ్మిదిన్నర అయింది. అప్పటికే గేటు దగ్గర బళ్ళారి వాళ్ళు, రాయచూరు వాళ్ళు, హుబ్బళ్ళి, మంగళూరు, మైసూరు, కోలారు, ఎక్కడెక్కడి వాళ్ళో రాత్రి బస్సులు దిగి నేరుగా వచ్చి, అక్కడే మొహాలు కడుక్కుని ఉప్పిట్టు తింటున్నారు. ఎవరూ పిలిచి డబ్బులిచ్చి తెచ్చిన జనం కాదు, అందరూ సొంత టికెట్ పెట్టుకుని వచ్చినవాళ్ళే, అది చూస్తేనే నాకు గుండె నిండిపోయింది.

బ్యానర్ గుడ్డ మీద చేత్తో రాసింది, ఫ్లెక్స్ లేదు. ప్లాస్టిక్ బాటిల్ ఒక్కటి లేదు. స్టీలు ప్లేట్లు, గ్లాసులు ప్లేట్ బ్యాంక్ నుంచి, అంటే ఇలాంటి కార్యక్రమాలకి వాడుకుని తిరిగిచ్చేలా ఇచ్చే చోటు నుంచి తెచ్చారు, తిన్నాక ఎవరిది వాళ్ళే కడిగి బోర్లించాలి.

నేను ఎందుకు చేరానో ముందు చెప్పాలి. మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక మూల ఉంది, దాన్ని ఇక్కడ బ్లాక్ స్పాట్ అంటారు, అంటే ఎవరు పడితే వాళ్ళు కవర్లు విసిరేసి పోయే చోటు. మా అమ్మాయి స్కూల్ బస్ అక్కడే ఆగుతుంది. మేం ఎనిమిది మందిమి కలిసి శుభ్రం చేశాం, గోడకి రంగులేశాం, ముగ్గు పెట్టాం, నాలుగు కుండీలు పెట్టాం, పది రోజులు బాగుంటుంది, పదకొండో రోజు మళ్ళీ మొదలు. దీనికి ఎవరో ఒకరు ఏదో ఒక ఉపాయం చెప్తారనే ఆశతోనే నేను ఆ మీటింగ్‌కి పోయింది.

పొద్దున సెషన్ అంతా వార్డు కమిటీల గురించి, అంటే వార్డు పనుల మీద అక్కడి జనమే కూర్చుని మాట్లాడే కమిటీలు. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలి. కాగితం మీద ఇంత చక్కగా ఉంది, కానీ ఇక్కడ కార్పొరేషన్ ఎన్నికలు 2015లో జరిగాయి, 2020 సెప్టెంబర్‌లో కౌన్సిల్ గడువు అయిపోయాక ఏళ్ళ తరబడి కార్పొరేటర్ అనేవాడే లేకుండా నడిచింది, మన వీధి గురించి అడగాలంటే ఎవర్ని అడగాలో తెలీని పరిస్థితి. 2025 సెప్టెంబర్‌లో ఒక్క కార్పొరేషన్ కాస్తా ఐదయింది. అందుకే ఎన్నికలున్నా లేకున్నా నెల నెలా కూర్చోవాల్సిందే, మినిట్స్ రాయించాల్సిందే అని మైసూరు నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ బల్ల గుద్ది మరీ చెప్పారు. హుబ్బళ్ళి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆర్‌టీఐ, అదే సమాచార హక్కు చట్టం గురించి మాట్లాడారు, కర్ణాటకలో ఒక దరఖాస్తు 150 మాటలు దాటకూడదు, ఒకే విషయం మీద ఉండాలి, ఇది తెలీక చాలామంది రెండు పేజీల బాధంతా రాసి పంపి తిరస్కరించబడుతున్నారట. ఫీజు 10 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలు. నేను నోట్ చేసుకున్నా.

మధ్యాహ్నం బిసిబేళె బాత్ లైన్లో నా వెనక బళ్ళారి ఆవిడ ఫోన్లో "తిన్నావా నాయనా, పెరుగు ఫ్రిజ్‌లో పెట్టినా చూడు" అంటోంది, వెనక్కి తిరిగి మీరు తెలుగా అన్నా. ఇంక చూడండి, ప్లేట్లు కడిగేదాకా మాటలే మాటలు.

భోజనాలయ్యాక అందరికీ నిద్ర మబ్బుగా ఉంది, ఆ టైంలో పిలిచారు ఒక పౌరకార్మికురాలిని. ఇక్కడ రోడ్లు ఊడ్చేవాళ్ళని అలాగే అంటారు. నలభై ఐదేళ్ళుంటాయేమో, ఆకుపచ్చ కోటు అలాగే వేసుకుని వచ్చింది, డ్యూటీ నుంచి నేరుగా. మైకు పట్టుకుని కన్నడంలో మొదలుపెట్టింది, 2022 జూలైలో పర్మనెంట్ చేయమని సమ్మె చేసినప్పటి సంగతి, 2025 మే డే నాడు 12 వేల మందికి పైగా కాగితాలు అందిన సంగతి చెప్పి, ఇంకా బయటే ఉన్నవాళ్ళున్నారు అని చెప్తూ చెప్తూ గొంతు పూడుకుపోయి ఆగింది. ఎవరో నీళ్ళిచ్చారు. తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి, నాకు ఇంట్లో తెలుగే, తెలుగులో చెప్తే తప్పనుకోకండి అంది.

"మేం ఆరున్నరకి పరక పట్టుకుంటే రెండింటిదాకా రోడ్డు మీదే. బాత్రూం యాడుంది మాకు? అందుకే నీళ్ళు తాగం. మా వాళ్ళల్లో ఎంతమందికి మూత్రం మంటో అడగండి. సెప్టెంబర్ 23న మా రోజని శాలువాలు కప్పుతారు, సంతోషం. శాలువా ఇంట్లో నాలుగున్నాయి. ఒక్క తలుపు తెరవండి చాలు."

అంతే, మూడు నిమిషాలు కూడా మాట్లాడలేదు. ఇంకో మాట కూడా చెప్పింది, ప్యాడ్లు తడి చెత్తలో పడేయకండి, పేపర్లో చుట్టి ఎర్ర చుక్క పెట్టండి, మేం చేత్తోనే ఏరాలి అని. ఆ బల్ల మీద గ్లాసు నిండా నీళ్ళు అలాగే ఉండిపోయాయి, నేను దాన్నే చూస్తూ కూర్చున్నా. పక్కన బళ్ళారి ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

బెంగళూరు రోడ్లు ఊడ్చేవాళ్ళలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే దళితులేనని, వాళ్ళ పెద్దలు అనంతపురం, చిత్తూరు వైపుల నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే ఉండిపోయారని నేను చదివా, విన్నా కూడా. మాది హిందూపురం. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ ఉగాదికి తెలుగువాళ్ళమంతా కలుస్తాం, పులిహోర చేసుకుంటాం, కానీ మా వీధిలో పొద్దున్నే పరక పట్టుకునే మనిషిది ఏ ఊరని నేను ఒక్కరోజు అడగలేదు. రెండేళ్ళుగా అదే మూల శుభ్రం చేస్తూ, రోజూ ఆ మూలని ఊడ్చే మనిషిని ఒక్క మాట అడక్కుండా గోడకి రంగులేశాం. ఇది నాకు చాలా కష్టంగా అనిపించింది.

చివర్లో తీర్మానాలు చదివారు, చాలా ఉన్నాయి. అందులో ఒకటి, ప్రతి వార్డులో పౌరకార్మికులకి బాత్రూం, తాగే నీళ్ళు, కాసేపు కూర్చునే చోటు కోసం ప్రతి సభ్యుడూ తన వీధిలో ఒక తలుపు వెతకాలి అని. అందరం చేతులెత్తాం.

సోమవారం ఆరూముప్పావుకి కిందికి దిగా. ఆమె ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఉంది, కవర్లు ఏరుతోంది. ఏ ఊరక్కా మీది అన్నా తెలుగులోనే. కాసేపు నన్నే చూసింది. "పావగడ పక్కన పల్లె మాది, మా నాయన కాలంలోనే వచ్చేసినాం. నువ్వు తెలుగా అమ్మా? ఇన్నేళ్ళూ కన్నడమే అనుకుంటి." బ్లాక్ స్పాట్ సంగతి అడిగితే ఆమెకి మొత్తం తెలుసు. రాత్రి పదకొండు దాటాక ఒక మెస్ వాళ్ళ కుర్రాడు బండి మీద మూడు కవర్లు తెచ్చి పడేస్తాడట, అది చూసి తెల్లారి మిగతావాళ్ళు మొదలుపెడతారట. మేం కెమెరా పెట్టాలని చందాలు పోగేస్తున్నాం, ఆమెని అడిగుంటే రెండేళ్ళ క్రితమే తెలిసేది.

ఆ మెస్ ఓనర్‌తో సాయంత్రం మేం నలుగురం వెళ్ళి మాట్లాడాం, గొడవ పెట్టుకోలేదు, తడి చెత్త బండి వాళ్ళ గుమ్మం ముందుకే వచ్చేలా టైం మాట్లాడి పెట్టాం. చూడాలి.

బాత్రూం విషయంలోనే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు వాదన నడిచింది. సెల్లార్లో వాచ్‌మన్ బాత్రూం ఒకటి ఉంది, దాన్ని వాడుకోనిద్దాం అన్నా. ఒకాయన సెక్యూరిటీ అన్నారు, ఇంకొకరు క్లీనింగ్ ఎవరు చేస్తారన్నారు, ఊరంతా క్లీన్ చేసే మనిషి గురించి ఈ ప్రశ్నా అని మూడో ఫ్లోర్ మామ్మగారు వాయిస్ మెసేజ్ పెట్టారు, దాంతో చాలామంది ఆగారు. ప్రస్తుతానికి నెల రోజులు చూద్దామని ఒప్పుకున్నారు, తర్వాత మళ్ళీ మాట్లాడాలట. నేను మాట్లాడతా.

తాళంచెవి వాచ్‌మన్ కుర్చీ వెనక మేకుకి తగిలించాం. కుండ కూడా పెట్టాం, పైన గ్లాసు బోర్లించి. నిన్న పొద్దున ఎనిమిదింటికి బాల్కనీలోంచి చూశా, ఆమె ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చింది, పరకలు గేటు బయట గోడకి ఆనించి లోపలికి వచ్చారు. ముగ్గురూ నీళ్ళు తాగారు, ఆమె రెండు గ్లాసులు తాగింది.