నిండు బిందె మోకాలి దగ్గర ఆగుతుంది

హైదరాబాదులోని ఒక పెద్ద యానిమేషన్ స్టూడియోలో నాకు జూనియర్ ఆర్టిస్టుగా ఉద్యోగం వచ్చింది. విజయవాడలో సత్యనారాయణపురం వాళ్లు, మా కాలేజీ వాళ్లు, బంధువులు ఎవరు కలిసినా ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నావు, ఏ కోర్సు చేశావు అనే అడుగుతున్నారు. ఆ రెండింటికీ జవాబు ఉంది గాని, నాకు ఉద్యోగం ఇప్పించినవి అవి కావు కనుక, జరిగినది కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇంటర్మీడియట్ చదువులకు పేరుపడిన ఊరు మాది. బైపీసీ పిల్లలకు పరీక్షల ఒత్తిడిలో రికార్డులు పూర్తిచేసే తీరిక ఉండదు. డిగ్రీ చదివే రోజుల్లో నేను రికార్డుకు 200 రూపాయల చొప్పున తీసుకుని వాళ్ల జువాలజీ, బాటనీ బొమ్మలు వేసిపెట్టేదాన్ని. బొద్దింక జీర్ణవ్యవస్థ ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. ఒకే మందంతో, వంపు తెగకుండా, చెరపకుండా గీత లాగడం నాకు వచ్చింది ఆ పని వల్లనే. అయితే అచ్చులో ఉన్న బొమ్మను చూసి బొమ్మ వేయడం అనే అలవాటు కూడా దానితోపాటే చేతికి పట్టుకుంది, అది వదలడానికి రెండేళ్లు పట్టింది.

డిగ్రీ తరువాత నగరంలో ఒక శిక్షణ సంస్థలో చేరాను. ఉద్యోగం ఖాయమని నమ్మబలికి ఏడాది ఫీజు ముందే కట్టించుకున్న ఆ సంస్థ మాకు నేర్పినదల్లా ఏ మీట నొక్కితే ఏమవుతుందన్నదే. ఒక మనిషిని ఎదురుగా నిలబెట్టి బొమ్మ వేయించిన తరగతి ఏడాది మొత్తంలో ఒక్కటి కూడా లేదు. మా నాన్నగారు చీటీ పాడి తెచ్చిన డబ్బు అది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అక్కడినుంచి బయటికి వచ్చాక నా బొమ్మలన్నీ కూర్చి 30 పేజీల పోర్ట్‌ఫోలియో తయారుచేసి స్టూడియోలకు పంపాను. అందులో సినిమా హీరోల ముఖాలు, దేవుళ్ల బొమ్మలు, పెద్ద పెద్ద కళ్లతో జపాన్ తరహా అమ్మాయిలు ఉన్నారు. జవాబు ఇచ్చింది ఒక్క స్టూడియో మాత్రమే. గీత శుభ్రంగా ఉందని, మనుషులకు మాత్రం బరువు లేదని రాశారు. ఆ మాటకు అర్థం తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది.

తెలిసింది కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర. వన్‌టౌన్‌లో పనిమీద వెళ్లిన ఒక ఉదయం లారీ నుంచి బస్తాలు దించుతున్న హమాలీలను చూస్తూ నిలబడిపోయాను. బస్తా వీపు మీదికి చేరే ముందే మనిషి మోకాళ్లు కొద్దిగా వంగుతాయి, అది చేరగానే మెడ ముందుకు వస్తుంది, చెప్పులు లేని కాలివేళ్లు నేలమీద విచ్చుకుంటాయి, ఒక చేయి బస్తా మూలను పట్టుకుంటే రెండోది తూకం కోసం పక్కకు జరుగుతుంది. మడమ నుంచి తల దాకా ఒకే వంపుగా కనిపించే ఆ గీతనే యానిమేషన్ వాళ్లు లైన్ ఆఫ్ యాక్షన్ అంటారు. ఆ మాట నేను పుస్తకంలో చదివాను, చూడటం మాత్రం అదే మొదటిసారి. అప్పటినుంచి వారానికి నాలుగు రోజులు మార్కెట్‌లోనో, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లోనో, తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున స్నానఘట్టాల మీదనో కూర్చుని బొమ్మలు వేశాను. బస్సు ఎక్కే మనిషి మనకోసం ఆగడు కాబట్టి ఒక్కో బొమ్మకు అరనిమిషం కన్నా దొరకదు. ఆ అరనిమిషంలో ముఖం వేసే వీలుండదు, నిలుచున్న తీరు మాత్రమే కాగితం మీదికి వస్తుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన దారేమీ కాదు. 1932లో వాల్ట్ డిస్నీ, అప్పటికే తన దగ్గర జీతానికి పనిచేస్తున్న చిత్రకారుల కోసం డాన్ గ్రాహం అనే ఉపాధ్యాయుడిని స్టూడియోకే రప్పించి, ఎదురుగా మనిషిని నిలబెట్టి బొమ్మలు వేయించారు. అదే స్టూడియోలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయి వచ్చి ఫిల్మ్స్ డివిజన్‌లో మనవాళ్లకు యానిమేషన్ నేర్పారు. మన దేశంలో ఈ రంగానికి పెద్దదిక్కుగా నిలిచిన రామ్ మోహన్ ఆయన దగ్గర నేర్చుకున్నవారే.

రెండో పోర్ట్‌ఫోలియోలో 14 పేజీలే ఉంచాను. దానికి పిలుపు వచ్చింది, పిలుపుతో పాటు అయిదు రోజుల గడువుతో ఒక పరీక్ష కూడా వచ్చింది. పదేళ్ల పాప పాత్రను ముందు నుంచి, ముప్పావు పక్క నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఒకే కొలతతో వేయాలి, ఆపైన ఆ పాప నీళ్లు నిండిన బిందెను నేలమీద నుంచి చంకకు ఎత్తుకునే సన్నివేశానికి కీలక భంగిమలు, అంటే కదలికలో ముఖ్యమైన ఘట్టాల బొమ్మలు, వేయాలి. తెరమీద ఒక సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి, మామూలుగా రెండు ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున వేస్తారు, కాబట్టి సెకనుకు 12 బొమ్మలు. వాటిలో కీలక భంగిమలు సరిగా కుదిరితేనే వాటి మధ్య కదలికను నింపే నడిమి బొమ్మలు నిలబడతాయి.

మొదటి రెండు రోజులు ఊహించి వేశాను. పాప వంగింది, బిందె పట్టుకుంది, చంకలో పెట్టుకుంది. ఎన్నిసార్లు వేసినా అది కాగితపు బిందెలాగే ఉంది. మూడో రోజు అమ్మను పిలిచి, పెరట్లో కుళాయి కింద బిందె నింపి ఎత్తమన్నాను. అమ్మ ముందు చీర కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకుంది. ఒక చేయి బిందె మెడకు, రెండోది అడుగుకు వేసి, ఎడమ కాలు అరడుగు ముందుకు జరిపింది. బిందె నేల వదిలి తిన్నగా నడుము దాకా రాలేదు. మోకాలి పైన తొడకు ఆనుకుని ఒక్క క్షణం ఆగింది. అక్కడ అమ్మ ఊపిరి తీసుకుంది, నీళ్లు అంచు దాకా ఊగి కాసిన్ని పాదం మీద పడ్డాయి, ఆ తరువాత మోకాలితోనే ఒక చిన్న తోపు ఇచ్చి నడుముకు చేర్చుకుని, రెండో పక్కకు ఒరిగి నిలబడింది. 10 లీటర్ల నీళ్లంటే 10 కిలోలు, బిందె బరువు అదనం. మూడుసార్లు ఎత్తించాను. నాలుగోసారి అడిగితే, "ఇంక చాలమ్మా, నడుము పట్టేస్తుంది" అంది. ఆ మోకాలి దగ్గరి ఆగుడు లేకుండా నేను రెండు రోజులు ఆ బొమ్మ వేస్తూ కూర్చున్నాను. చిన్నప్పటినుంచి రోజూ చూసిన పనే అది.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. ఆర్ట్ డైరెక్టర్‌గారు వరుసగా పేపర్లు తిప్పుతూ అయిదో భంగిమ దగ్గర ఆగి, బిందె మోకాలి మీద ఎందుకు పెట్టావని అడిగారు. నిండు బిందెను ఎవరూ ఒక్క ఊపున చంకకెత్తరని, మధ్యలో ఒక మజిలీ ఉంటుందని చెప్పాను. "అయితే ఖాళీ బిందె వేసి చూపించు" అన్నారు. అంచు పట్టుకుని, చేతిలో ఊపుకుంటూ, మడమలు ఎగరేస్తూ పోయే పాపను అక్కడే వేశాను. ముగ్గురూ ఆ కాగితాన్ని ఒకరి తరువాత ఒకరు చూసుకున్నారు. సాఫ్ట్‌వేర్ గురించి అడిగింది ఒకే ఒక ప్రశ్న. అది రాని సంగతైతే చేరాక నేర్పిస్తామని వాళ్లే చెప్పారు. తొమ్మిది రోజులకు మెయిల్ వచ్చింది.

పోర్ట్‌ఫోలియో కట్టేవాళ్లకు ఒక్క మాట. చేతులు, పాదాలు దాచిన బొమ్మలు పెట్టకండి. జేబులో చేయి పెట్టించామంటే వేయడం రాలేదని చూసేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. నా మొదటి 30 పేజీల్లో అందరి చేతులూ వెనక్కే ఉన్నాయి.

శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి చేరి మూడు వారాలయింది. ఆరు నెలలు ప్రొబేషన్. నాకు ఇచ్చిన మొదటి పని ఒక గొడుగు: మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది, నాలుగు వైపుల నుంచి. నాన్న గొడుగు వెంట తెచ్చుకున్నాను గనుక దాన్ని బల్ల పక్కన ఆనించి వేశాను. దాని ఊచ ఒకటి వంగి ఉంది, అది కూడా వేశాను. ఈ బొమ్మను చూసి మోడలింగ్ వాళ్లు కంప్యూటర్‌లో గొడుగు కడతారు, వంగిన ఊచ ఉంటే తెరిచి మూసే ప్రతిసారీ, దాన్ని కదిలించడానికి కీళ్లు అమర్చే రిగ్గింగ్ వాళ్లకు విడిగా పని పడుతుంది, కథకు అవసరమైతేనే ఉంచాలి అని సూపర్‌వైజర్‌గారు ఓపికగా చెప్పారు. ఊచ సరిచేసి ఇచ్చాను. రేపటినుంచి అదే పాత్ర చెప్పులు వేయాలి.